సాయంత్రం ఆరింటి గుండీ

మా పక్కింటి డ్రైవర్ తాత పోయిన మంగళవారం తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూశాడు. ఆత్మకూరులో నేను పనిచేసే బడికి అమ్మ ఫోన్ చేసింది.

"తాత పోయినాడు పాపా," అంది. ఆ వెంటనే, "మీ నాయన షాపులోనే కూర్చోనుండాడు. నువ్వు బయల్దేరి రా," అంది.

రెండో మాటలోని భయం నాకు అర్థమైంది. ఉదయగిరి బస్సులో కూర్చున్నంతసేపూ నేను తాత కోసం ఏడవలేదు. ఈ సాయంత్రం ఆరింటికి నాయన ఏం చేస్తాడోనని ఆలోచించాను. అందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

నాయన టైలరు. షాపు ఇంటిని ఆనుకునే ఉంటుంది. మా ఇంట్లో తాగుడు నా కంటే పాతది. చేతులు వణికి నాయనకు సూదిలో దారం ఎక్కేది కాదు. కాన్వెంటు హాస్టలు నుంచి సెలవులకు వచ్చినప్పుడు, తిరిగి వెళ్లే ముందు నేను పది సూదులకు దారం ఎక్కించి గోడకున్న క్యాలెండరుకు గుచ్చి పెట్టేదాన్ని. అవి ఎన్నాళ్లొచ్చేవో నేనెప్పుడూ అడగలేదు.

రెండేళ్ల కిందట ఒకసారి నాయన నెల పైనే మానేశాడు. ఒక ఆదివారం చర్చిలో ఆయనను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పించారు. దేవుడు తనకు చేసిన మేలును అందరి ముందు నిలబడి చెప్పాలి. నాయన ఏడ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్న డ్రైవర్ తాత మాత్రం కొట్టలేదు. నాకు కోపం వచ్చింది.

పదో రోజున నాయన మళ్లీ తాగాడు. ఇక చర్చి వైపు పోలేదు. "అంత చెప్పి, ఇప్పుడు ఏ మొగం పెట్టుకోని పోవాల?" అనేవాడు. ఆ సిగ్గుకు ఇంకొంచెం తాగేవాడు. మీ ఇళ్లలోనూ ఇలాంటి సాయంత్రాలు ఉంటే, ఇంతకంటే వివరించక్కర్లేదు.

అప్పుడొచ్చాడు తాత. సాయంత్రం ఆరింటికి, నాయన షట్టరు దించి తాగడానికి పోబోతుంటే, చేతిలో పాత ఖాకీ చొక్కాతో.

"రే అబ్బయా, గుండీ ఊడిపోయింది. కుట్టీ."

"రేపు కుడతాలే మామా."

"రేపు నేనుంటానో లేదో. ఇప్పుడే కుట్టు."

కుట్టడం అయ్యాక కూడా లేవలేదు. స్టూలు మీద కూర్చుని, మర్రిపాడు దాటాక తన లారీ ఎక్కడెక్కడ ఆగిపోయేదో చెబుతూ ఉన్నాడు. అమ్మ నాయనను అన్నానికి పిలిచాకే వెళ్లాడు. మర్నాడు ఇంకో గుండీ ఊడింది. ఆ మర్నాడు ఇంకొకటి.

"ఏంది మామా, దారం బ్లేడుతో కోసినట్టుండాదే?" అన్నాడు నాయన ఒకరోజు.

"బ్లేడుతోనే కోసినాను. అయితే ఏంది? గిరాకీ తెచ్చిపెడతా ఉంటే ఎగతాళా నీకు?"

నాయన నవ్వాడు. అప్పటికి నాకింకా ఉద్యోగం రాలేదు. ఇంట్లోంచి ఆ నవ్వు విన్నాను.

చప్పట్లు ఎందుకు కొట్టలేదని తాతను ఒకసారి అడిగాను.

"నేను మూడుసార్లు సాక్ష్యం చెప్పినాను పాపా. మూడుసార్లూ మళ్లీ తాగుడులో పడినాను. అందరి ముందరా చెప్పినాక పడితే, లేచి రావాలంటే కాళ్లు రావు. నాలుగోసారి నోరు మూసుకోని వెనక కూర్చున్నాను. అదే నిలబడింది."

"మరి దేవుడు?"

"ఆయనే నిలబెట్టినాడు. నన్ను మైకు పట్టుకోమని ఆయనేం అడగలేదే!"

షాపులో స్టూలు మీంచి లేచే ముందు తాత తల వంచి, "ప్రభువా, ఈ పూట దాటించినావు," అనేవాడు. అంతే. కాన్వెంటులో పొడవైన ప్రార్థనలు కంఠతా పట్టిన నాకు, మిగతాది మరిచిపోయాడేమో అనిపించేది. ఒకరోజు అడిగేశాను.

"రేపటి సంగతి రేపు అడుగుతాలే. ఆయన యాడికీ పోడు," అన్నాడు.

నాయన ఆ తర్వాత కూడా రెండుసార్లు తాగాడు. ఆ రెండు సాయంత్రాలూ తాత చొక్కాతో వచ్చి, మూసిన షట్టరు ముందు కాసేపు కూర్చుని వెళ్లాడు. మర్నాడు ఏమీ అడగలేదు. "ఈ పొద్దు రెండు కుట్టాల," అన్నాడంతే. కొన్నాళ్లకు నాయన చర్చికి వచ్చాడు. తాత పక్కన, చెప్పుల దగ్గర కూర్చున్నాడు.

మేం అలసిపోయాం. నాయన గడప దాటి లోపలికి రాగానే అమ్మ ఇప్పటికీ వాసన చూస్తుంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే నేను ఇప్పటికీ ముందు టైము చూస్తాను. తాత కూడా అలసిపోయాడు. మోకాళ్లు పట్టుకుని షాపు మెట్టెక్కేవాడు. ఆశ అంటే ఉత్సాహం లాంటిదేదో అనుకునేదాన్ని. ఆయన ఆశకు మోకాళ్ల నొప్పులుండేవి. అయినా ఆరింటికి వచ్చేది.

ఆ మంగళవారం మధ్యాహ్నం చర్చిలో, శవపెట్టె ముందు నిలబడి పాస్టరు గారు అడిగారు: "ఈ పెద్దాయన వల్ల మేలు పొందినవాళ్లు ఎవరైనా సాక్ష్యం చెప్తారా?" తలలన్నీ నాయన వైపు తిరిగాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాయన లేవలేదు. చెప్పుల పక్కన, తల వంచుకుని అలాగే కూర్చున్నాడు. అమ్మ పట్టు కాస్త వదిలింది.

సమాధుల దగ్గర్నుంచి వచ్చేసరికి ఐదు దాటింది. నాయన ఇంట్లోకి రాకుండా అటే షాపుకు పోయాడు.

"పోయి చూడు," అంది అమ్మ.

షట్టరు ఎత్తి ఉంది. సమాధుల దగ్గరికి వేసుకున్న తెల్లచొక్కా విప్పి ఒళ్లో పెట్టుకుని, బనీనుతో కూర్చున్నాడు నాయన. బ్లేడుతో దాని గుండీ దారం కోస్తున్నాడు. నన్ను చూసి సూది అందించాడు. నేను దారం ఎక్కించి ఇచ్చి, తాత స్టూలు మీద కూర్చున్నాను.

గుండీని బట్టకు ఆనించి, మొదటి కుట్టు వేశాడు. ఆరవుతోంది.