తూము తీసిందెవరు

"నీరటి తాగి పడిపోవడం వల్ల కింది మడులు ఎండినవి." హైదరాబాద్ రాష్ట్రం రోజుల్లో, కరీంనగర్ నుంచి వచ్చే వారపత్రికలో మా బాపు గురించి పడ్డ వాక్యం అది. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

బాపు మా ఊరి నీరటి. చెరువు తూము తీసి, ఏ మడికి ఎంత నీళ్లు పారాలో చూసేవాడు. కల్లు ముట్టేవాడు కాదు. ఆ వారం చలిజ్వరంతో గొంగడి కప్పుకొని పడుకున్నాడు. అదను చూసి మా ఊరి పటేలు తన జీతగాళ్లతో తూము తీయించి, నీళ్లన్నీ తన పొలానికి మళ్లించుకున్నాడు. మా వాడోళ్ల మడులు వరి పొట్టమీదుండగా ఎండిపోయాయి. ఆ పత్రికకు మా ఊరి వార్తలు పంపేది ఎవరనుకున్నారు? ఆ పటేలే.

హోటల్లో ఎవరో ఆ వార్త చదువుతుంటే బాపు అక్కడే చాయ్ తాగుతున్నాడు. అచ్చులో పడ్డది అబద్ధమెలా అవుతుందని అందరూ నమ్మారు. నీరటి పని పోయింది. మడులు ఎండినవాళ్లు మా గడప తొక్కడం మానేశారు. బాపు కూలికి పోయాడు. నేను మాత్రం మరిచిపోలేదు. మరిచిపోయే రకాన్ని కాను.

నోరున్నోడిదే రాజ్యమంటారు. మా దగ్గర పత్రికున్నోడిదే రాజ్యం.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక కరీంనగర్‌లో ఇంకో చిన్న వారపత్రిక మొదలైంది. ఊళ్ల నుంచి రాసేవాళ్లు కావాలంటే, ఏడో తరగతి చదివిన నేను బస్సెక్కి పోయాను. సంపాదకుడు ఒకటే షరతు పెట్టాడు.

"ఎవ్వల గురించి రాసినా వాళ్లను అడిగే రాయాలె బిడ్డా. అడగకుంటే నేను అచ్చెయ్య."

మా బాపు గురించి రాసినప్పుడు మీరెక్కడున్నారు సారూ అని అడగబోయి, సరేనన్నాను.

మా వాడలో బీడీలు చుట్టే ఆడవాళ్లు తలా ఇంత వేసుకుని చందా కట్టారు. వాళ్లు ఆకు కత్తిరిస్తుంటే నేను చదివేదాన్ని. తమ బావి సంగతి, మందుల్లేని దవాఖాన సంగతి అచ్చులో వినడం వాళ్లకు అదే మొదటిసారి. ఈ పత్రిక ఆగిపోతే మళ్లీ పటేలు రాసిందే వేదమని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పస్తుండైనా చందా కట్టేవాళ్లు.

కరువొచ్చిన ఏడు పటేలు మళ్లీ అదే పని చేశాడు. ఈసారి పట్టపగలే. షరతు ప్రకారం ఆయన వాకిట్లోకి పోయాను.

"పటేలా, తూము తీయిచ్చింది మీరేనా? పేపరుకు రాస్తున్న. మీ మాట గూడ రాస్త."

"నేనే తీయిచ్చిన. గప్పుడు, మీ బాపు నీరటి ఉన్ననాడు గూడ నేనే తీయిచ్చిన. నా పొలానికి నీళ్లు పెట్టుకునేతందుకు నీరటోన్ని అడగాల్నా? రాస్కోపో" అని నవ్వాడు.

రాసుకున్నాను. ఆయన అన్నది అన్నట్టే అచ్చయింది.

వారం రోజులు ఆ వార్తే చదివాను. పటేలు మా అరుగు ముందు నుంచి పోతుంటే గొంతు పెంచేదాన్ని. "మల్లొక్కపారి సదువు" అనేవాళ్లు ఆడవాళ్లు. చివరికి ఆయన దారి మార్చుకున్నాడు. నా కడుపు చల్లబడింది. పగ పాపమనేవాళ్లు అననీ.

ఆ తర్వాత, ఆనాడు మడులు ఎండినవాళ్లు మా ఇంటికి వచ్చారు.

"పటేలు గట్ల రాస్తడని మాకేమెరుకనే అన్నా. మల్ల తూము కాడికి రా" అన్నాడు వాళ్లలో ఒకాయన.

బాపు గొంగడి మడిచి పక్కన పెట్టాడు.

"పటేలు రాసిండు. ఆయన బుద్ధే గంత. మరి మీరు? పక్కపక్కనే ఉంటిమి. నీకు జరమొచ్చిందా, నువ్వు తాగినవా అని ఒక్కలన్న నన్ను అడగకపోతిరి."

అవ్వ వాళ్లకు మంచినీళ్ల చెంబు పట్టుకొచ్చింది. నేను దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని లోపల పెట్టేశాను.