అయ్యే పనుల ఆదినారాయణ

మా అన్న ఆదినారాయణ శానా ప్రాక్టికల్ మనిషి. నమ్మకపోతే ఆయన్నే అడగండి, నోరు నొప్పి పుట్టేదాకా చెప్తాడు. జమ్మలమడుగు దగ్గర మా ఊర్లో ఎవరేం అడిగినా ఆయనది ఒకటే మాట: "అయ్యే పని చెప్పప్పా!"

ఆయన సర్పంచి కాదు. సర్పంచి మా వదిన వనజమ్మ. సీటు ఆడోళ్లకొచ్చింది, ఓట్లు వదినకొచ్చినాయి, కుర్చీ మాత్రం మా అన్నకొచ్చింది. గ్రామసభ పెడితే ఆయన కుర్చీలో, ఆమె తలుపు చాటున. పిలిస్తే వచ్చి సంతకం పెట్టి పోతాది. మా పక్క ఇదేం వింత కాదులే.

ఈసారి పంచాయతీకి ఒక్క పనికే దుడ్లొచ్చినాయి. మా అన్న పులివెందుల దిక్కు పోయి యాడో స్వాగత తోరణం చూసొచ్చినాడు. మనకూ అదే కావల్లంట, పైన తన పేరుతో. దాని కింద పోయినా, పక్కన పోయినా చేరేది ఈ ఊరికే గదా నాయనా! దాంతో ఒరిగేదేంది?

వదిన వంక మీద వంతెన అడిగింది. వంక అవతల బిస్మిల్లా బీ ఇల్లు. నీళ్లు పారినప్పుడల్లా ఆమె కూతురు హీనాకు బడి లేదు. "ఈ వానలకూ ఇట్లే అయితే చదువు మాన్పించి పెండ్లి చేస్తానంటాండాడు మా ఇంటాయన" అని ఆమె వదిన దగ్గర ఏడ్చిపోయింది.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!" అని నవ్వినాడు అన్న. "ఆ వంక మీద వంతెన ఎవరన్నా చూసినారా? కంటికి కనపడనిది రాజకీయంలో పనికిరాదు." కట్టని తోరణం మాత్రం ఆయన కంటికి లైట్లతో సహా కనపడతాండాది!

గ్రామసభ రోజు అన్న ప్రొద్దుటూరులో కుట్టించిన తెల్లచొక్కా వేసుకోని వచ్చినాడు. చూస్తే ఏముంది, కుర్చీలో వదిన! ఇంకో కుర్చీ లేదు.

"లెయ్, నలుగురూ చూస్తాండారు. ఇది అయ్యే పనేనా?" అన్నాడు.

"నేను ఈడ కూర్చునేది నిన్నటిదాకా నీ కంటికి కనపడిందా? ఇప్పుడు చూడు" అనింది వదిన. "వంతెనా అట్లే కనపడతాది. కావల్లనే వాళ్లు చేతులెత్తండి."

బిస్మిల్లా బీ చెయ్యి ముందు లేచింది. నాదీ లేచింది, నా కడుపు చల్లబడింది. మా వీధి ఆడోళ్లంతా ఎత్తినారు, వెనకాలే మొగోళ్లూ ఎత్తినారు.

మా ప్రాక్టికల్ అన్న మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు పాపం. యాడ కూర్చోవల్లో ఆయన ఊహకు అందలా.