తిట్టు దక్కని మేడ

ఏడాది పొడుగునా ఇస్త్రీ మావయ్య నోట్లో నాలుక లేని మనిషి. జాతర రోజున మాత్రం చీర కట్టి, మొహాన పసుపు పూసుకుని, అమ్మవారి వేషంతో వీధిలోకి దిగాడంటే ఆ నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఆ వేషం తిట్టిన ఇల్లు ఏడాదంతా చల్లగా ఉంటుందని అందరి నమ్మకం. మామూలు రోజుల్లో మంచినీళ్ళయినా ఇవ్వని పెద్దమనుషులు ఆవేళ చేతులు కట్టుకుని తిట్ల కోసం గుమ్మాల్లో కాచుకుంటారు. సిగ్గన్నా ఉండాలి.

అందరికన్నా ముందు నిలబడేది మేడాయన, అదీ పట్టుచొక్కా వేసుకుని. కిందటి జాతరకి కాస్త ముందు, ఇస్త్రీకిచ్చిన చొక్కా జేబులో ఉంగరం పోయిందని, మావయ్య కూతురి కళ్ళెదుటే అతని చెంప పగలగొట్టాడు. ఉంగరం ఆయన స్నానాలగదిలోనే దొరికింది. తప్పయిందన్న ముక్క మాత్రం నోట రాలేదు. పైగా "వాడు మంచోడేలే" అని తనేదో బిరుదిచ్చినట్టు చెప్పుకు తిరిగాడు.

ఆ జాతరలో మావయ్య కడుపులో మంటంతా కక్కాడు. మేడాయన్ని దొంగన్నాడు, ఏడు తరాలనూ కడిగేశాడు. మేడాయన కళ్ళు మూసుకుని తలాడిస్తూ విని, ఆనక వీధంతా మిఠాయి పంచాడు. ఇంటికొచ్చాక మావయ్యని కూతురు అడిగింది.

"నువ్వు తిట్టావా నాన్నా, దీవించావా?"

ఆ మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. ఏడాదంతా మానలేదు.

ఈసారి వీధి మొదటి నుంచీ తిట్టుకుంటూ వచ్చాడు. పాలాయన్ని తిట్టాడు, మాస్టారిని తిట్టాడు, మాస్టారి కుక్కకీ ఓ తిట్టు పడేశాడు. మేడ ముందు ఆగాడు. మేడాయన తల వంచాడు. మావయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, కుచ్చిళ్ళు సర్దుకుని, పక్కింటికి వెళ్ళిపోయాడు.

మేడాయనకి ముచ్చెమటలు పోశాయి. "ఒక్కటి తిట్టు తల్లీ... పోనీ, చిన్నదే తిట్టు" అంటూ నడివీధిలో వెంటపడ్డాడు. జనం నోళ్ళు నొక్కుకున్నారు. తల్లి వెనక్కి తిరగలేదు.

మర్నాడు మేడాయన బట్టలమూట తనే మోసుకొచ్చాడు.

"మాస్టారి కుక్కని కూడా తిట్టావు కదయ్యా. నన్నెందుకు వదిలేశావు?"

మావయ్య పెట్టెలో బొగ్గులు సర్ది, పక్కనే బట్టలు మడతపెడుతున్న కూతురి వైపు చూశాడు.

"అది ఊరికే ఎవర్నీ కరవదు బాబుగారూ," అన్నాడు, ఎప్పటిలాగే మర్యాదగా.