రాని జ్వరం

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో వానాకాలం వచ్చిందంటే ఇంటికొకరు చలిజ్వరంతో మూలుగుతూ ఉండేవారు. మా వరసలో అందరికీ వచ్చింది, నాకు తప్ప. నా ఒంట్లో ఉన్నది రక్తం కాదు, ఇంజను బొగ్గని, దోమ కుట్టినా మూతి మాడ్చుకుంటుందని అప్ప నవ్వేది. అప్ప అంటే మా అక్క. మా శ్రీకాకుళం వైపు అలాగే పిలుస్తాం. అమ్మ పోయాక నన్ను తన దగ్గరికి తెచ్చుకుని, బావ వెంటపడి లోకో షెడ్డులో ఇంజనుకి బొగ్గు వేసే ఫైర్‌మన్ పని వేయించింది ఆమే. బావ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. ముగ్గురం ఒకే క్వార్టరులో ఉండేవాళ్లం.

అవి యుద్ధం నడుస్తున్న రోజులు. సెలవడిగితే ఫోర్‌మన్ పరాచికమాడినట్టు చూసేవాడు. ఒంట్లో బాగాలేదని రైల్వే ఆసుపత్రిలో రాసిస్తే తప్ప డ్యూటీ తప్పేది కాదు. అమ్మ సంవత్సరీకానికి సెలవు దొరకనప్పుడు ఉపాయం చెప్పింది అప్పే. బావ డ్యూటీకి వెళ్లేదాకా ఆగి, పెద్ద ఉల్లిపాయ రెండు చెక్కలు చేసి నా చేతిలో పెట్టింది. బావకి డ్యూటీ అంటే దేవుడు. ఆయనకి తెలిస్తే కొంప మునిగేది.

"రెండు సంకల్లోనూ ఎట్టుకుని ఎండలో కూకో. జొరం దానంతటదే వస్తాది. వణుకు మాత్రం నువ్వే వణకాల."

వణికాను. మలేరియా అని రాసి క్వినైన్ ఇచ్చారు. దాన్ని పెరట్లో బొప్పాయి మొదట్లో పారబోశాను. రెండోసారి నా పెళ్లిచూపులకి. ఆ సంబంధం కుదరలేదు. మూడోసారి ఆలోచన మాత్రం అప్పది కాదు. తఖత్‌పూర్‌లో కుస్తీలు చూడాలని నాకే బుద్ధి పుట్టింది. "సిగ్గు నేదేటిరా నీకు?" అని తిడుతూనే ఉల్లిపాయ కోసిచ్చింది.

ఆ తర్వాత నాలుగు నెలలకి అదే ఆసుపత్రిలో అప్ప ప్రసవించింది. పెళ్లయిన పదకొండేళ్లకి ఆడపిల్ల. పిల్ల బాగానే ఉంది. అప్పకి రక్తం పోవడం ఆగలేదు. పొద్దున్నకి ఆగింది గాని అప్పటికి మనిషి గోడలా తెల్లబడిపోయింది. డాక్టరు బెంగాలీ, ఊరికి కొత్త. ఎవరి రక్తమైనా ఎక్కిస్తే బతికే ఆశ ఉందని హిందీలో చెప్పాడు. బావ వేలూ నా వేలూ పొడిచి చూశాడు. బావది కలవలేదు. నాది కలిసింది. బావ రెండు చేతులూ ఎత్తి ఎవరికో దండం పెట్టి, పసిపిల్లని ఎత్తుకుని వరండాలోకి వెళ్లాడు.

నేను చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల మీద కూర్చున్నాను. నర్సు నా చెయ్యి తుడిచింది. కామెర్లు వచ్చాయా, మలేరియా వచ్చిందా అని డాక్టరు అడిగాడు. పుట్టాక ఎప్పుడూ రాలేదన్నాను. ఈలోగా కంపౌండరు రిజిస్టరు తెచ్చి ఆయన ముందు తెరిచాడు. నా పేరు మూడు చోట్ల ఉంది. మూడు చోట్లా మలేరియా.

"అది అబద్ధం సాబ్," అన్నాను. ఉల్లిపాయ సంగతంతా చెప్పేశాను. నా హిందీ అంత గడగడా ఎప్పుడూ రాలేదు.

డాక్టరు చివరిదాకా విన్నాడు. "అప్పుడు అబద్ధం చెప్పావో, ఇప్పుడు చెబుతున్నావో నాకెలా తెలుస్తుంది? అక్క కోసం ఇప్పుడు ఎవరైనా చెబుతారు."

"ఒక్క చుక్క తీసి చూడండి సాబ్."

"ఒంట్లో దాగి ఉంటే చుక్కలో కనపడదు. ఈ స్థితిలో ఆమెకి మలేరియా కూడా ఎక్కితే నేను చంపినట్టే. మలేరియా వచ్చినవాడి రక్తం తీసుకోకూడదు. అది నియమం. వేరే మనిషిని తీసుకురండి."

మడిచిన నా చొక్కా చేతిని ఆయనే కిందికి దించాడు. చెడ్డవాడు కాదు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలని తర్వాత చాలాసార్లు చూశాను, రాలేదు. అప్పుడైతే ఏమీ రాలేదు. నర్సు తుడిచిన చోట చల్లగా ఉంది, అంతే గుర్తు.

వాడికి మలేరియా, పనికిరాడు అని కంపౌండరు బావతో చెప్పాడు. బావ పిల్లని నర్సుకిచ్చి, మనుషుల కోసం షెడ్డుకి పరుగెత్తాడు. నేను అప్ప మంచం పక్కన కూర్చున్నాను.

"ఏటన్నారు?" అంది, కళ్లు తెరవకుండానే.

"నాది వద్దన్నారు అప్పా. జొరం వచ్చినోడినట."

నిద్రపోయిందనుకున్నాను. అప్పుడు నా వేలు పట్టుకుంది.

"మీ బావకి సెప్పకు. నిన్ను తిడతాడు."

బావ ఇద్దరు ఖలాసీలని వెంటబెట్టుకుని వచ్చేసరికి నర్సు దుప్పటి అప్ప ముఖం మీదికి లాగుతోంది. వాళ్లిద్దరూ చొక్కా చేతులు మడుచుకునే వచ్చారు. ఆ నాలుగు చేతుల్నీ చూస్తూ నిలబడ్డాను. ఏడుపు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడోనాడు డ్యూటీకి వెళ్లి బొగ్గు వేశాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక బావ నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నేను ముద్ద ముట్టలేదని ఆయనకి ఎవరో చెప్పినట్టున్నారు. నా వీపు మీద చెయ్యి వేశాడు.

"నువ్వేటి సేస్తావురా? రగతం ఇద్దారనే ఎల్లినావు కదా. జొరం నీ సేతిలో ఉందేటి?"

లేదని తల అడ్డంగా ఊపాను. ఆయన బతికున్నన్నాళ్లూ ప్రతి వానాకాలం నాకోసం క్వినైన్ తెచ్చి పెట్టేవాడు. ఆయన ఎదురుగానే మింగేవాణ్ణి. నాకు ఈ రోజు వరకూ మలేరియా రాలేదు.