దొంగల లైనుకు బోర్డు

"నీ ఇంటి ముందు నువ్వే దొంగలని రాసుకుంటావా?" అని వారసత్వ సంఘం కార్యదర్శి ఒకసారి ఆమెను మొహం మీదే అడిగాడు.

ఆమె బోర్డులు రాసే పెయింటరు. ఊళ్లో అందరికీ రంగులక్క. బొగ్గుగని మూతపడ్డాక దాని పాత కట్టడాలకు పేరుపలకలు పెట్టాలని సంఘానికి బుద్ధి పుట్టింది. గనిదీపాలిచ్చే లాంప్‌రూము, బొగ్గు తూచే కాటా గది, జీతాలు పంచిన ఆఫీసు, అన్నిటికీ నీలం రేకు మీద తెల్ల అక్షరాలు రాసింది ఆమే. చివరికి ఆమె కాపురముండే కార్మికుల ఇళ్ల వరస, ఆ లైను మిగిలింది.

దానికి కార్యదర్శి 'శ్రమజీవుల వీధి' అన్న పేరు ఖాయం చేశాడు. చెమటకు దండలు వేసేవాళ్లకు చెమట వాసన గిట్టదు. ఊరు మాత్రం దాన్ని దొంగల లైను అనే అంటుంది. గని నడిచే రోజుల్లో ఒక చలికాలం యాజమాన్యం గనికి తాళం వేసి జీతాలు ఆపేస్తే, ఆ లైను ఆడవాళ్లు రాళ్లగుట్టలో పారేసిన తుక్కుబొగ్గు బుట్టలకెత్తుకొచ్చి పొయ్యిలు రాజేశారు. పట్టుబడిన వాళ్ల తలుపు మీద కాపలావాళ్లు దొంగ గుర్తుగా తారుతో అడ్డగీత గీసేవారు. చలి తగ్గేసరికి గీత లేని తలుపు లేదు.

రంగులక్కకు కొత్త పేరే నచ్చింది. బ్యాంకులో చిరునామా చెప్పినప్పుడల్లా గుమాస్తా ముసిముసిగా నవ్వుతుంటే ఆమెకు తల కొట్టేసినట్టయ్యేది. రేకు మీద సుద్దతో అక్షరాలు గీసుకుంటుంటే అత్త గడపలోంచి తొంగిచూసింది.

"ఏమిటే ఆ రాత?"

"శ్రమజీవుల వీధి, అత్తయ్యా."

"వాళ్లెవరు? మన లైన్లో ఎప్పుడూ చూళ్లేదే!"

"మనమేనంట."

"బుట్ట మోసి నడుం పడిపోయింది నాకు, తలుపు మీద గీత పడింది నాకు. పేరు మాత్రం ఆ ఇస్త్రీ చొక్కా పెడతాడా?"

"పరువుగా ఉంటుందని..."

"నీ మొగుడు అప్పుడు పొత్తిళ్లలో ఉన్నాడు. ఆ బొగ్గే లేకపోతే నీకు ఈ అత్తా లేదు, ఈ కాపురమూ లేదు. నీకంత సిగ్గయితే చెప్పు, ఆ బోర్డు నా మెళ్లో కట్టు. నేను తిరుగుతా."

రంగులక్కకు నవ్వొచ్చింది. తడిగుడ్డతో సుద్ద తుడిచేసి 'దొంగల లైను' అని రాసింది. మలుపులో గోడకు దిగ్గొడుతుంటే కార్యదర్శి వచ్చి ఆ ప్రశ్న వేశాడు.

"మా అత్తయ్య లోపలే ఉంది. ఆవిణ్ణే అడగండి," అందామె, మేకు మీంచి చూపు తిప్పకుండా.

ఆయన గడప వైపు ఒక్క అడుగు వేసి ఆగిపోయాడు.

"ఈ బోర్డుకు సంఘం పైసా ఇవ్వదు."

"సరేనండి."

మిగతా బోర్డుల డబ్బు ముట్టింది. ఈ ఒక్కదాని రేకు, రంగు, కూలి మాత్రం ఇప్పటికీ బాకీ.