నాలుగో కథ దగ్గర హారతి

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక సత్యనారాయణ వ్రతం నాలుగో కథ దగ్గర కుప్పకూలుతుంది. అందులో స్వామి తప్పు లేదు, పంతులుగారి తప్పు అసలే లేదు. కూల్చింది నేను. ఎందుకు కూల్చానంటే, కుళ్ళు. అసూయ అంటే కాస్త నాజూగ్గా ఉంటుంది గానీ, నాది అంత నాజూకు వ్యవహారం కాదు.

నేను విజయనగరం ఎందుకొచ్చాను అన్న ప్రశ్నకి కూడా జవాబు అదే. మనుషులు ఉద్యోగం కోసం ఊరు మారతారు, పిల్లల చదువు కోసం మారతారు. కడుపుమంట చల్లార్చుకోవడానికి సామాను లారీకెక్కించిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆరేళ్ళ కిందటి దాకా మేం శృంగవరపుకోట దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. మా ఆయన విజయనగరంలో ఒక ఆఫీసులో గుమస్తా. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, సాయంత్రం బస్సులోనే తిరిగొచ్చేవారు. ఆయనకి అందులో ఏ ఇబ్బందీ కనిపించలేదు. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, ఆయన రోజూ కాశీకైనా వెళ్ళొస్తారు.

ఇక ఆ ఊళ్ళో నా వైభవం చెబుతాను, మీరు నమ్మాలి. హారతి పాట నాది. పెళ్ళి కానీ, సీమంతం కానీ, గుళ్ళో రాములవారి కళ్యాణం కానీ, పంతులుగారు కర్పూరం వెలిగించి "హారతి పాడండమ్మా" అనగానే ఆడవాళ్ళందరి తలలూ నా వైపు తిరిగేవి. నేను వెంటనే పాడేదాన్ని కాదు. "అబ్బే, గొంతు బాగోలేదు" అనేదాన్ని. రెండుసార్లు బతిమాలించుకునేదాన్ని. మూడోసారికి వాళ్ళు నోరు తెరవక ముందే ఎత్తుకునేదాన్ని, ఎందుకైనా మంచిదని. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, ఆ ఆముదం చెట్టుకి ఏం కష్టం చెప్పండి? హాయిగా ఉంటుంది. దాన్ని పెరికి తీసుకెళ్ళి మామిడితోటలో పాతమని ఎవరూ అడగలేదు. నేనే అడిగాను.

కారణం మా తోడికోడలు కామాక్షి అక్క. మా బావగారికి విజయనగరం బదిలీ అయి వాళ్ళు అక్కడ కాపురం పెట్టారు. వెళ్ళిన నెలకే అక్క "ఏటి" అనడం మానేసి "ఏమిటి" అనడం మొదలుపెట్టింది. సహించాను. పక్క ఫ్లాటులో సుభద్రగారని సంగీతం టీచరు ఉన్నారనీ, ఆవిడ దగ్గర పాట నేర్చుకుంటున్నాననీ చెప్పింది. అదీ సహించాను. ఒక ఆదివారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో తను పాడిన పాట వాయిస్ మెసేజ్ పెట్టింది. దాని కింద చప్పట్లు, దండాలు, పువ్వులు. పదిహేనేళ్ళుగా నేను పక్కనే పాడుతుంటే "పొయ్యి మీద పాలు సూడు" తప్ప ఇంకో మాట అనని మా అత్తగారు, "నా తల్లే, సరస్వతే" అని పెట్టమన్నారు. ఆవిడకి టైపు చెయ్యడం రాదు. నాచేతే చేయించారు.

ఆ మెసేజ్ నేను పదకొండుసార్లు విన్నాను, తప్పులు వెతకడానికి. దొరికాయి కూడా. అయినా కడుపులో మంట తగ్గలేదు.

"మనం విజయనగరం మారిపోదాం" అన్నాను ఆ సాయంత్రం మా ఆయనతో.

"ఏటీ? ఎందుకూ?"

"మీరు రోజూ బస్సులో నలిగిపోతన్నారు. సూడలేకపోతన్నాను."

"నేనెక్కడ నలుగుతన్నాను? కూకునే వస్తన్నాను కదా."

"ఎన్నాళ్ళని కూకుంటారు? నడుం ఏటైపోవాల?"

"నా నడుం బాగానే ఉన్నాది."

"బాగున్నప్పుడే మారాలండి!"

ఈ మాటకి జవాబు ఆయనకే కాదు, ఎవరికీ దొరకదు. నెల తిరక్కుండా అక్కావాళ్ళకి రెండు వీధుల అవతల ఒక పోర్షన్‌లో దిగాం.

ఊరు మంచిదే, నేనేమీ అనను. కానీ ఒక్క సంగతి ఎవరూ ముందుగా చెప్పలేదు. ఈ ఊళ్ళో పాడనివాళ్ళు లేరు. పాలు పోసే ఆయన కూనిరాగం తీసినా అందులో శ్రుతి ఉంటుంది. వచ్చిన కొత్తలో ఒక పేరంటానికి వెళ్ళాను. "ఎవరైనా హారతి పాడండమ్మా" అంటూ ఇంటావిడ నా వైపు కూడా చూసింది. అలవాటు కొద్దీ, "అబ్బే, గొంతు బాగోలేదు" అన్నాను.

"అయ్యో, మిరియాల పాలు తాగండి" అంది పక్కావిడ, అని తనే పాడేసింది.

రెండో పేరంటంలో వద్దనలేదు, నోరు తెరిచాను. తెరిచేలోపు ముగ్గురు ఎత్తుకున్నారు. మూడోదానిలో వాళ్ళ కంటే ముందు ఎత్తుకోవాలని కంగారుపడి పొలమారింది. ఆ తర్వాత నేను పేరంటాల్లో నోరు తెరిచింది సెనగలు నమలడానికే.

మరి ఊళ్ళో ఏం చెప్పాను? పల్లెలో మా పక్కింటి పైడమ్మ, రైతు మనిషి, నా పాటంటే చెవి కోసుకుంటుంది. అది ఫోన్ చేసి "ఎలాగున్నాదే ఆ ఊరు?" అంటే, "రోజూ ఎక్కడో దగ్గర నేనే పాడతన్నానే, తీరికుండట్లేదు" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? మొన్నామధ్య అద్దెకున్న ఫ్లాటునే అక్కావాళ్ళు కొనేశారు. పున్నమికి అందులో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు. "ఆ రోజు హారతి నాదే, వచ్చి ఇను" అని కూడా అనేశాను.

అక్క నన్ను పిలిచిన పిలుపు వేరు. "ఒసే సత్యా, ఎనిమిదింటికే వచ్చెయ్యవే. ప్రసాదం చెయ్యడం నీ పని."

"మరి హారతి పాట?" అన్నాను, ఏమీ పట్టనట్టు.

"ఏమిటే నీ పిచ్చి! సుభద్ర మేడమ్ ఉన్నారు కదా."

ఫోన్ పెట్టేశాను. అయినా పదిహేను రోజులు సాధన చేశాను. మా అమ్మమ్మ నేర్పిన ఏడు చరణాల హారతి అది. మా ఆయన కాఫీ తాగుతూ "వ్రతం ఆళ్ళింట్లోనా, మనింట్లోనా?" అని అడిగారు. నేను రెండో చరణం ఎత్తుకున్నాను. సుభద్రగారి కంటే ఒక్క క్షణం ముందు ఎత్తుకుంటే చాలు. మంగళహారతి ఒకసారి ఎత్తుకున్నాక మధ్యలో ఆపకూడదు, అది అశుభం. ఎంత సంగీతం టీచరైనా దానికి కట్టుబడాల్సిందే. ఇదీ నా ఎత్తు.

ఆ రోజు పైడమ్మ ఒక్కతే రాలేదు. నలుగురు ఆడవాళ్ళని వెంటేసుకుని, సంచెడు జామకాయలతో దిగింది.

"నీ పాటని సెప్పి అందర్నీ తీసుకొచ్చీసినాను. ముందు కూకుంటాం, ఏటి?"

"కూకోండి" అన్నాను. వీళ్ళ ఎదుట నేను వంటింట్లో రవ్వ వేయిస్తూ ఉండిపోతే, ఊరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

వ్రతానికి అయిదు కథలు. ఒక్కో కథ అవగానే ఒక కొబ్బరికాయ కొట్టి చిన్న కర్పూరం వెలిగిస్తారు. అయిదోది అయ్యాకే పెద్ద హారతి, పాట, ప్రసాదం. నేనున్న వంటగదిలోంచి హాలు కనపడదు, పొగ లాగే ఫ్యాను మోతలో కథ వినపడదు. వినపడేది కొబ్బరికాయ దెబ్బ ఒక్కటే. సరే, దెబ్బలు లెక్కపెడదాం అనుకున్నాను.

ఠప్పుమంది. ఒకటో కథ. మళ్ళీ ఠప్పుమంది. రెండు. రవ్వ నేతిలో కాస్త తిప్పానో లేదో ఇంకోటి ఠప్పుమంది. మూడు! పంతులుగారు ఎంత చురుగ్గా చదువుతున్నారో అని మెచ్చుకున్నాను. అసలు జరిగిందేమిటంటే, రెండో కాయ మొండిది. హాల్లో కొడితే పగల్లేదు. బావగారు దాన్ని బాల్కనీలోకి పట్టుకెళ్ళి గట్టుకేసి కొట్టారు. ఒక్క కాయ, నా లెక్కలో రెండు కథలు.

నా లెక్కకి అయిదో దెబ్బ పడింది. అట్లకాడ చేత్తోనే హాల్లోకి పరిగెత్తాను. పంతులుగారు కర్పూరం వెలిగిస్తున్నారు. సుభద్రగారు గొంతు మీద చెయ్యి వేసుకుని "ఊహుఁ" అని సవరించుకుంటున్నారు. ఎత్తుకోబోతోంది! ఇంకేమీ ఆలోచించలేదు. కళ్ళు మూసుకుని, పై స్థాయిలో, ఇల్లు దద్దరిల్లేట్టు ఎత్తుకున్నాను.

"అమ్మా, ఇంకా..." అన్నారు పంతులుగారు. నాకు వినపడింది. పోటీకి వచ్చారనుకుని ఇంకా గట్టిగా పాడాను.

జనం లేచి నిలబడ్డారు. హారతి పాట వినపడితే తెలుగువాళ్ళ కాళ్ళు వాటంతటవే లేస్తాయి. పంతులుగారు పాపం పళ్ళెం తిప్పుతూనే ఉన్నారు. కర్పూరం రెండుసార్లు ఆరిపోతే మళ్ళీ వెలిగించారట. ఏడు చరణాలు పాడాను. ఏడోది రెండుసార్లు పాడాను, బాగా కుదిరిందని.

కళ్ళు తెరిచేసరికి హాలు ఖాళీ. అక్షింతలు వేసేసి, హారతి కళ్ళకద్దుకుని, జనం కింద ఆకులు పరిచిన చోటికి మెట్ల మీంచి దిగిపోతున్నారు.

"పాట బాగుందమ్మా" అన్నారు పంతులుగారు. "కానీ ఇంకో కథ ఉంది."

"అయిదూ అయిపోయాయి కదండీ?"

"నాలుగు."

"లేదండీ, నేను కాయలు లెక్కపెట్టాను!"

"వినాల్సింది కథలమ్మా, కాయలు కాదు."

"ఏటే నువ్వు సేసిన పని!" అని అరిచింది అక్క. కోపంలో పాత మాట తన్నుకొచ్చింది. అంత అవమానంలోనూ నాకు కాస్త సంతోషం కలిగింది, దాచుకోను.

బావగారు మెట్ల దగ్గర నిలబడి "రండి, రండి, ఇంకో కథ ఉన్నాది!" అని కేకలు. "మంగళం పాడేశాక కథేటండీ?" అని కింద నుంచి ఎవరో. ఇంతలో ఏదో వాసన. పొయ్యి మీద రవ్వ! ఏడు చరణాలూ, ఏడోది రెండుసార్లూ, అంతసేపూ అది వేగుతూనే ఉంది. ప్రసాదం కోసం జనం కింద కూర్చున్నారు, ప్రసాదం పైన బొగ్గయింది. పైడమ్మ వెంట వచ్చిన నలుగురూ కొంగులు దోపుకుని మరో మూకుడు పెట్టకపోతే ఆ ఇంటి పరువు కూడా అందులోనే మాడేది.

అయిదో కథ అక్కా, బావగారూ, సుభద్రగారూ, పైడమ్మా, మా ఆయనా విన్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. కథ అయింది. మళ్ళీ హారతి. పంతులుగారు నా వైపు చూడకుండా చాలా జాగ్రత్తగా, "ఎవరైనా..." అన్నారు.

"నేను పాడలేనండి" అన్నారు సుభద్రగారు దగ్గుతూ. "పొద్దుట్నుంచీ గొంతు పట్టేసింది. సత్యగారి చేతే పాడించమని కామాక్షితో చెబుదామనుకుంటున్నా. అంతలో ఆవిడే మొదలుపెట్టేశారు."

విన్నారా? ఒక్క కథ, ఒకే ఒక్క కథ ఆగి ఉంటే, ఆ హారతి తన కాళ్ళతో నడిచి నా దగ్గరికి వచ్చేది.

"అయితే ఇప్పుడు సత్యగారే..." అన్నారావిడ.

"అది పాడదు" అంది అక్క.

అప్పుడు పైడమ్మ, ఎవరూ బతిమాలకుండానే, నా పాటే ఎత్తుకుంది. రెండే చరణాలు. చేలో పిలుపు పిలిచినట్టు నిండుగా పాడి ఊరుకుంది. సుభద్రగారు దాని చెయ్యి పట్టుకుని, "ఎవరమ్మా మీరు? ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నారు. ఆవిడ నన్ను ఆ మాట ఏనాడూ అడగలేదు. నా పాట, నా పక్కింటిది, నా ఎదురుగా! కామాక్షి అక్క మీద పడ్డ కుళ్ళు ఈ కుళ్ళు ముందు పసిబిడ్డ.

మధ్యాహ్నం వాళ్ళని ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సెక్కించడానికి వెళ్ళాను. "ఎప్పుడు నేర్చావే?" అన్నాను, నవ్వు మొహం పెట్టి.

"నువ్వెలిపోయిన కాణ్ణించి ఊర్లో హారతి నానే పాడతన్నాను. నీకాడ యిని యిని వచ్చీసినాది." నా మొహంలోకి చూసి అంది. "నిజం సెప్పు. మల్లీ మొదట్నించీ అయితే, ఈ ఊరు వస్తావేటి?"

రానే రానని కడుపులోంచి వచ్చింది. "ఎందుకు రాను? ఎంత మంచి ఊరు!" అని నోట్లోంచి వచ్చింది. అక్కడితో ఆగానా? "నువ్వూ వచ్చెయ్యవే. మా పక్క పోర్షన్ ఖాళీగా ఉన్నాది. నీ గొంతుకి ఇక్కడైతే పేరొస్తాది" అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో! ఇది ఇక్కడికొచ్చి పదిమందిలో కలిసిపోతే, అక్కడ నా చోటు ఖాళీ అవుతుందని నా లెక్క.

పైడమ్మ బస్సెక్కి, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని నవ్వింది.

"ఏలమ్మా? నానొచ్చీస్తే అక్కడ హారతెవులు పాడతారు? నువ్వేటి?"

బస్సు కదిలింది.

కాబట్టి సత్యనారాయణస్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పంతులుగారు పేరు పెట్టి పిలిస్తే తప్ప ఏ వ్రతంలోనూ నోరు విప్పను. కొబ్బరికాయని చట్నీకి తప్ప లెక్కకి వాడను. ఇంకొకరిని చూసి కుళ్ళుకుని ఇంకెప్పుడూ ఊరు మారను. ఒకవేళ బుద్ధి గడ్డితిని మారాల్సే వస్తే, ముందు పైడమ్మని ఆ ఊరు పంపించి, అది దిగి, తాళం తీసి, పాలు పొంగించిందని నా చెవులతో విన్నాకే, ఖాళీ అయిన నా చోటికి నేను మా పల్లె బస్సెక్కుతాను.