రష్యా డాక్టరు, బందరు ల్యాబు

ఎంసెట్‌లో ప్రసన్నలక్ష్మి ర్యాంకు జెనిఫర్ ర్యాంకు కంటే నాలుగు వందలు మెరుగు. ఆ సంగతి ఆమె ఒక్కనాడూ మరిచిపోలేదు.

ఇద్దరూ గుడివాడ హాస్టల్లో ఉండి ఇంటర్ చదివారు. ఇద్దరికీ మెడిసిన్ సీటు రాలేదు. 1995లో జెనిఫర్‌ను వాళ్ళ నాన్న, హెడ్మాస్టరు మత్తయి గారు, డాక్టరీ చదవడానికి రష్యా పంపారు. ప్రసన్నలక్ష్మి తండ్రి అప్పయ్య బందరులో చేపల వ్యాపారి. ఆయనకు అంత తాహతు లేదు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, బందరులోనే డాక్టర్ శోభనాద్రి గారి నర్సింగ్ హోమ్‌లో చేరింది.

జెనిఫర్ తల్లి ఎలీసబెతు గారు బజారులో ఎదురైనప్పుడల్లా, మంచులో నిలబడిన కూతురి ఫోటోలు చూపించేవారు. "బాగున్నాయండీ" అనేసి ప్రసన్నలక్ష్మి గబగబా వెళ్ళిపోయేది. ఆ పూట అన్నం సయించేది కాదు.

2002లో జెనిఫర్ డిగ్రీతో తిరిగొచ్చింది. విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు ఇక్కడ వైద్యం చెయ్యాలంటే స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలని ఆ ఏడే నిబంధన పెట్టారు. పాసయ్యేదాకా మందుల చీటీ రాయడానికి కూడా వీల్లేదు. శోభనాద్రి గారు జాలిపడి, బీపీలు చూస్తూ ఉండమని పనిలో పెట్టుకున్నారు. జీతం ప్రసన్నలక్ష్మి కంటే తక్కువ.

పేషెంట్లు "డాక్టరమ్మా" అని జెనిఫర్‌ను పిలిస్తే, ప్రసన్నలక్ష్మి ల్యాబ్ గుమ్మంలోంచే సరిదిద్దేది.

"ఆవిడ ఇంకా డాక్టర్ కాదండీ."

జెనిఫర్ తల వంచుకుని బీపీ పట్టీ చుట్టేది. మొదటిసారి పరీక్ష తప్పింది. రెండోసారీ తప్పింది. ఆ ఫలితాలు వచ్చిన రెండు రోజులూ ప్రసన్నలక్ష్మికి పని చాలా తేలిగ్గా సాగిపోయింది.

ఒక మధ్యాహ్నం జెనిఫర్ ల్యాబ్‌లోకి వచ్చింది.

"లక్ష్మీ, నాకు మైక్రోస్కోపులో స్లైడ్లు చూడ్డం నేర్పవే. అక్కడంతా రష్యన్‌లో చెప్పారు. ఇంగ్లీషు పేర్లు చూస్తే తికమకైపోతున్నాను."

కాదనడానికి కారణం దొరకలేదు. పాత పెట్టెలోని స్లైడ్లు తీసి రోజూ ఒక గంట నేర్పింది. నేర్పుతున్నకొద్దీ తనకెంత తెలుసో తనకే తెలిసివచ్చింది. తెలిసినకొద్దీ కడుపు మండింది. ఈ కళ్ళతో, ఈ చేతులతో తను ఏం కాకపోయేది!

ఒకరోజు మలేరియా స్లైడు చూసి జెనిఫర్ ఒక రకాన్ని ఇంకో రకమనుకుంది.

"ఇదేగా?"

"ఆఁ, అదే" అంది ప్రసన్నలక్ష్మి.

ఇంటికెళ్ళాక గాని తనేం చేసిందో ఆమెకు అర్థం కాలేదు. మర్నాడు అందరికంటే ముందే నర్సింగ్ హోమ్‌కి వెళ్ళి, జెనిఫర్ రాగానే చెప్పింది.

"నిన్నటిది తప్పే. అది వేరే రకం."

"పుస్తకంలో చూసుకున్నాలే. పొద్దుటినుంచీ మైక్రోస్కోపు మీదే ఉన్నావు, కళ్ళు అలిసిపోయుంటాయి అనుకున్నా" అంది జెనిఫర్ మామూలుగా.

ఆ మంచితనం ప్రసన్నలక్ష్మికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. ఆ తర్వాత ఏ స్లైడులోనూ అబద్ధం చెప్పలేదు. అసూయ మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.

మూడోసారి జెనిఫర్ పాసైంది. కొన్నాళ్ళకు దివిసీమలో, అవనిగడ్డ దగ్గర, ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు డాక్టరుగా ఉద్యోగం వచ్చింది. స్వీట్లు పంచుతూ, "ఇదంతా లక్ష్మి చలవేనండీ" అని అందరికీ చెప్పింది. శోభనాద్రి గారు మెచ్చుకోలుగా చూశారు. ప్రసన్నలక్ష్మి నవ్వింది. దవడలు నొప్పెట్టేదాకా నవ్వుతూనే ఉంది.

సాయంత్రం అప్పయ్య అరుగు మీద కూర్చుని అడిగాడు.

"నీ ఫ్రెండుకి ఉద్యోగమొచ్చిందంటగా! నువ్వే నేర్పావంట. సంతోషమేగా అమ్మా?"

"లేదు నాన్నా. కుళ్ళుగా ఉంది."

ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"ఉండదా మరి!" అన్నాడు అప్పయ్య. "నాకూ అట్టాగే ఉందమ్మా."

పక్కకి జరిగి కూతురికి చోటిచ్చాడు. ప్రసన్నలక్ష్మి కూర్చుని, చాలాసేపు ఏడ్చింది.